కూతవేటు దూరంలో చికాగో

హైదరాబాద్ నుంచి చికాగోకి ఎంత దూరం? ఫోన్‌లో ఈ ప్రశ్న టైప్ చేస్తే రెండు అంకెలు వస్తాయి. ఒకటి కిలోమీటర్లలో, సుమారు 13,300. రెండోది గంటల్లో. ఆగకుండా వెళ్తే పదహారో పదిహేడో. మధ్యలో ఒకచోట దిగి ఎక్కితే ఇరవై నుంచి ఇరవై నాలుగు. టికెట్ చవగ్గా దొరికిందని రెండుచోట్ల దిగితే ముప్ఫై కూడా దాటొచ్చు. మొదటి అంకె ఎప్పుడూ మారదు. రెండోది డబ్బుని బట్టి, గాలివాటుని బట్టి, యుద్ధాల్ని బట్టి మారుతూనే ఉంటుంది. కథకి పనికొచ్చేది ఆ రెండో అంకేనని నా నమ్మకం. మన కథల్లో మాత్రం రెండూ కనబడవు.

కొన్ని నెలలుగా అమెరికా నేపథ్యంలో వచ్చిన తెలుగు కథలు వరసగా చదువుతున్నాను. పాత సంకలనాలు, ప్రత్యేక సంచికలు, వెబ్ పత్రికల్లో వచ్చినవీ. మంచి కథలు చాలానే ఉన్నాయి. కానీ వరసగా చదివితే ఒక అలవాటు కంటికి తగులుతుంది. ఎయిర్‌పోర్ట్ ఉంటుంది. ఇరవై మూడు కేజీల సూట్‌కేసులు రెండు, బరువు ఎక్కువైందని అక్కడే విప్పి తీసేసిన ఆవకాయ సీసా, అమ్మ కొంగు, 'చేరగానే ఫోన్ చెయ్యి' అనే నాన్న ఉంటారు. విమానం లేస్తుంది. పాత్ర కళ్లు మూసుకుంటుంది. వెంటనే ఊరు, బడి, చెరువుగట్టు, మొదటి ప్రేమ. గతం అయిపోయేసరికి ఎయిర్‌హోస్టెస్ వచ్చి సీటు నిటారుగా పెట్టుకోమంటుంది. అమెరికా వచ్చేసింది. కొన్ని కథల్లో అంత కూడా ఉండదు. మూడు చుక్కలు, వాటి కింద మంచు కురుస్తూ ఉంటుంది.

అంటే మన కథకులకి విమానం ఎక్కువగా ఫ్లాష్‌బ్యాక్‌లోకి దిగే మెట్టుగానే పనికొచ్చింది. ఇదే కథకులు రైలుని ఇలా వాడరు. రైలు కథలో స్టేషన్ల పేర్లుంటాయి. ఎదురు బెర్తువాళ్లు విప్పిన పులిహోర, కిటికీ దగ్గర తగాదా, 'ఎందాకా అండీ?' అనే పలకరింపు ఉంటాయి. బండి రెండు గంటలు లేటయితే కథలో ఎవరికో ఏదో అవుతుంది. విమానం ఎక్కేసరికి ఆ శ్రద్ధంతా పోతుంది.

దీనికి సులువైన జవాబు ఒకటుంది. విమానంలో ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. కూర్చుంటాం, తింటాం, నిద్ర పట్టక సినిమా చూస్తాం. జరగనిదాన్ని రాయడమెందుకు? ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. ముందుగా ఆ ఖాళీలో ఏముందో చూద్దాం.

గోడకి తగిలించిన ప్రపంచపటం మీద హైదరాబాద్ నుంచి చికాగోకి స్కేలు పెట్టి గీస్తే ఆ గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే మాత్రం దారం ఉత్తరానికి లేస్తుంది. మధ్య ఆసియా, రష్యా దాటి, స్వాల్‌బార్డ్‌కీ గ్రీన్‌లాండ్‌కీ మధ్య 79వ అక్షాంశం దాకా ఎక్కి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. ఉత్తర ధ్రువం అక్కడికి పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మనం పడమటి దేశం అంటూ ఉంటాం గానీ, చికాగో నిజానికి భూమి నడినెత్తికి అవతల ఉంది.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య ఆగకుండా వెళ్లే విమానం మొదలుపెట్టింది. ఆ సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు. మళ్లీ గల్ఫ్‌లోనో యూరప్‌లోనో దిగి ఎక్కడమే. దోహా మీదుగా వెళ్తే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లవుతుంది. నేరుగా వెళ్లేదానికంటే ఎనిమిది శాతమే ఎక్కువ. సమయం మాత్రం అయిదారు గంటలు పెరుగుతుంది. ఆ గంటల్లో ఎక్కువ భాగం తెల్లటి దీపాల కింద, వాచీలమ్మే దుకాణాల మధ్య, ఏ దేశానికీ చెందని ఒక హాల్లో కూర్చోవడమే.

ఇక రాజకీయం. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమానాలకి రష్యా ఆకాశం మూతపడింది. మన విమానాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజన్‌లో తేడా వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా అక్కడ తాత్కాలిక వసతుల్లో పడుకున్నారు. మగదాన్ అంటే కొలీమా శిబిరాలకి వాకిలి. షలామోవ్ కథలు చదివినవాళ్లకి ఆ పేరు వినగానే చలేస్తుంది. స్టాలిన్ ఖైదీలు ఓడల్లో దిగిన ఊళ్లో, కాలిఫోర్నియా వెళ్లాల్సిన మనవాళ్లు చెక్-ఇన్ చేసిన సామాను ఎక్కడుందో తెలియక, ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కుంటున్నారు. ఇంతకంటే కథ ఏం కావాలి? నాకైతే దీని మీద ఒక్క తెలుగు కథా తగల్లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం యూరప్‌లో ఆగాల్సొచ్చింది. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, వాటి మధ్య ప్రయాణం మాత్రం సాగిపోయింది.

మన సాహిత్యం దూరాన్ని ఎప్పుడూ ఇలాగే దాటేసిందా? లేదు. తెలుగు వచనంలో తొలి గొప్ప పుస్తకాల్లో ఒకటి దూరం గురించే. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పైన పక్షం రోజులు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి ఉత్తరాలుగా రాసిన ఆ ప్రయాణమే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో, ఆయన పోయాక అచ్చయింది. అందులో ప్రతి మజిలీకీ లెక్క ఉంటుంది. ఎన్ని ఆమడలు నడిచాం, దారి రాతిదా బురదదా, ఆ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, ఏటి దగ్గర ఎంతసేపు ఆగాల్సొచ్చింది. తెచ్చిపెట్టుకున్న భావుకత పెద్దగా ఉండదు. అయినా రెండు వందల పేజీలు చదివేసరికి కాశీ ఎంత దూరమో మన కాళ్లకి తెలుస్తుంది. గమ్యం కంటే దారికి ఎక్కువ పేజీలు ఇవ్వాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అన్ని నెలల దారిని ఉత్తరంలో దాటేసే వీలు ఆయనకి లేదు, అంతే.

'మజిలీ' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీ మజిలీ కథలు' మన ఇళ్లలో తరాలపాటు చదివిన పుస్తకం. మణిసిద్ధుడు అనే యతి, అతని వెంట కాశీకి నడుస్తున్న గోపకుమారుడు. ప్రతి మజిలీలోనూ ఆ కుర్రాడు ఏదో వింత చూసి వచ్చి అడుగుతాడు, గురువు కథ చెబుతాడు. దూరం లేకపోతే అక్కడ కథే లేదు. దారి ఎంత పొడవో పుస్తకమూ అంత పొడవు. ఇలాంటి చట్రం పుట్టిన భాషలో, దోహాలో ఆరుగంటల మజిలీ ఒక్క కథనీ పుట్టించలేకపోవడం నాకు వింతగా ఉంటుంది.

'అది నడిచే కాలం, పల్లకీల కాలం. గాల్లో ఎగిరేవాడికి దారెక్కడిది?' అని అడగొచ్చు. సరే, విమానం దగ్గరికే వద్దాం. మనకి తెలిసిన మొదటి విమానం పుష్పకం. యుద్ధకాండ చివర్లో రాముడు లంక నుంచి అయోధ్యకి తిరిగివచ్చే ఘట్టాన్ని భక్తిని పక్కనపెట్టి, ప్రయాణ కథనంగా ఒకసారి చదివి చూడండి. రాముడు సీతకి కిందున్నవన్నీ చూపిస్తాడు. యుద్ధం జరిగిన చోటు, సేతువు, కిష్కింధ, ఋశ్యమూకం, పంప, గోదావరి, చిత్రకూటం. కాళ్లతో ఏళ్ల తరబడి వెళ్లిన దారి వెనక్కి చుట్టుకుంటూ వస్తుంది. ఒకరకంగా ఇది కూడా ఫ్లాష్‌బ్యాకే. కాకపోతే కళ్లు తెరిచి, కిటికీలోంచి చూసేది. నేను ఇక్కడ నిన్ను వెతికాను, ఇక్కడ ఏడ్చాను అని వేలు పెట్టి చూపించేది. జ్ఞాపకం అక్కడ దూరానికి అతుక్కుని ఉంది. కిష్కింధ దగ్గర సీత అడిగితే విమానం ఆగి వానర స్త్రీలని కూడా ఎక్కించుకుంటుంది. భరద్వాజుడి ఆశ్రమంలో ఒక రాత్రి మజిలీ కూడా ఉంది.

ఆ మజిలీలోనే అసలు సంగతుంది. పద్నాలుగేళ్లు నిండగానే రాముడు కనిపించకపోతే అగ్నిలో దూకుతానని భరతుడు మాటిచ్చి ఉన్నాడు. పద్నాలుగేళ్లు నిండాయి. విమానం ఇంకా భరద్వాజాశ్రమంలోనే ఉంది. అందుకే రాముడు హనుమంతుణ్ణి ముందు పంపిస్తాడు. మనిషి చేరేలోపు మాట చేరాలి. మన మొదటి విమాన ప్రయాణం, ఒక చావు జరక్కముందే ఇల్లు చేరాల్సిన ప్రయాణం. వాల్మీకికి ఆ గంటలు ఖాళీగా కనిపించలేదు. ఎందుకంటే నందిగ్రామంలో ఒకడు వాటిని లెక్కపెడుతూ కూర్చున్నాడు.

దూరాన్ని ఎలా రాయాలన్నదానికి నాకు దొరికిన సూత్రం ఇదే. ప్రయాణించేవాడి వైపు నుంచి చూస్తే విమానంలో ఏమీ జరగదు, నిజమే. ఎదురుచూసేవాళ్ల వైపు నుంచి చూస్తే ప్రతి గంటా జరుగుతుంది.

సెయింట్ ఎగ్జూపెరీకి ఇది బాగా తెలుసు. అర్జెంటీనాలో తపాలా విమానాలు నడిపించిన అనుభవంతో ఆయన రాసిన 'నైట్ ఫ్లైట్' 1931లో వచ్చింది. మూడు దిక్కుల నుంచి మూడు తపాలా విమానాలు రాత్రిపూట బ్యూనస్ ఎయిరిస్ చేరాలి. అవి తెచ్చిన ఉత్తరాలతో యూరప్ విమానం బయల్దేరాలి. పగలు రైళ్ల మీద, ఓడల మీద సంపాదించుకున్న సమయాన్ని రాత్రి ఆగిపోతే పోగొట్టుకుంటామని అధికారి రివియేర్ వాదన. ఆ నవలని సాధారణంగా తుఫానులో చిక్కిన పైలట్ ఫాబియన్ కోసం, మేఘాల పైన అతనికి కనిపించిన వెన్నెల కోసం మెచ్చుకుంటారు. రివియేర్ క్రమశిక్షణని ఆకాశానికెత్తేసినవాళ్లూ ఉన్నారు. నాకు ఆ క్రమశిక్షణ అంటే ఎప్పుడూ అనుమానమే. పుస్తకాన్ని నిలబెట్టింది నా దృష్టిలో ఫాబియన్ భార్య. ఆమెకి ఉన్నవి కొద్ది పేజీలే. మొగుడు వచ్చే వేళకి అన్నీ సిద్ధం చేసుకుని, ఆఫీసుకి ఫోన్ చేస్తుంది. వాతావరణం బాగాలేదు, ఆలస్యమవుతోంది అని అవతలివాళ్లు నీళ్లు నములుతారు. ఎన్నింటికి బయల్దేరాడని అడుగుతుంది. తర్వాత ఆమెకి ఆ రెండు ఊళ్ల మధ్య దూరం గుర్తొస్తుంది. రెండు గంటల ప్రయాణం. అతను బయల్దేరి ఆరు గంటలైంది.

అంతే. ఆ తీసివేతలోనే చావు కనబడిపోతుంది. ఏడుపు అక్కర్లేదు, వర్ణన అక్కర్లేదు. రెండు ఊళ్ల మధ్య ప్రయాణ సమయం తెలిసిన మనిషి ఎదురుచూడటమంటే ఏమిటో ఆ ఒక్క ఫోన్ కాల్‌లో ఉంది. ఈ పేజీలు చదివాక, పట్టికలో ఉండే అంకెలకి కథలో చోటు లేదంటే నేను ఒప్పుకోలేను.

మన ఇళ్లలో ఈ లెక్క తెలియనివాళ్లు లేరు. మా వీధిలో ఒక పెద్దావిడ పోయింది. శుక్రవారం రాత్రి తొమ్మిదికి. పెద్దకొడుకు చికాగో దగ్గర ఉంటాడు. వచ్చినవాళ్లంతా మొదట అడిగిన మాట, 'ఎలా పోయారు?' కాదు. 'బాబు ఎప్పటికి రాగలడు?' ఫ్రీజర్ బాక్స్ తెప్పించారు. పురోహితుడికి ఫోన్ చేసి ఆదివారం అయితే ఎన్నింటిదాకా ఆగొచ్చో కనుక్కున్నారు. అల్లుడు ఫోన్‌లో విమానాన్ని చూపించే యాప్ పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. 'ఎక్కడిదాకా వచ్చాడు బావా?' అని లోపల్నుంచి మరదలు అడుగుతుంది. 'ఐర్లాండ్ దాటాడమ్మా.' కాసేపటికి, 'టర్కీ మీదున్నాడు.' ఆ వీధిలో ఎప్పుడూ విమానం ఎక్కని ముసలివాళ్లు కూడా ఆ ఒక్కరాత్రి ప్రపంచపటం నేర్చుకున్నారు. అట్లాంటిక్ అయిపోయిందంటే ఒక నిట్టూర్పు. దోహాలో దిగాడంటే, 'అక్కడేమైనా తిన్నాడో లేదో' అని ఒక ఆదుర్దా. నేను ఇన్నాళ్లూ కథల్లో వెతుకుతున్నది ఆ వరండాలో కూర్చుని ఉంది. వీరాస్వామయ్య మజిలీల పట్టికా, పుష్పకం కిటికీ, ఫాబియన్ భార్య గడియారం, మూడూ ఒక సెల్‌ఫోన్ తెరమీద.

ఆ కొడుకు వైపు లెక్క ఇంకా క్రూరంగా ఉంటుంది. చలికాలంలో హైదరాబాద్‌కీ చికాగోకీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిది అంటే అక్కడ ఇంకా శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర. పరుగెత్తి టికెట్ కొని ఆ సాయంత్రం ఎనిమిదికి ఎక్కినా, ఇరవై రెండు గంటల ప్రయాణం తర్వాత శంషాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి. శరీరం ఇరవై రెండు గంటలు ప్రయాణించింది, క్యాలెండర్ ముప్ఫై మూడున్నర తీసుకుంది. శనివారం ఎటుపోయింది? తిరిగి వెళ్లేటప్పుడు ఆ పదకొండున్నర గంటలూ అతనికి తిరిగొచ్చేస్తాయి. పొద్దున ఎక్కి రాత్రికల్లా దిగినట్టుంటుంది. అయితే అప్పటికి వాటితో పనేముంది?

తూర్పుకి పోతూ రోజు కొలత తప్పడాన్ని జూల్స్ వెర్న్ నవ్వుగా మార్చాడు. 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ' 1872లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఫిలియస్ ఫాగ్ దూరాన్ని కేవలం టైమ్‌టేబుల్‌గా చూసే మనిషి, కిటికీలోంచి కూడా చూడడు. అతని నౌకరు పాస్‌పార్తూ దగ్గర ఒక గడియారం ఉంటుంది. ఏ దేశం పోయినా దాన్ని లండన్ సమయం నుంచి మార్చనని మొండికేస్తాడు. చివరికి తూర్పుగా చుట్టి వచ్చినందుకు ఒక రోజు కలిసొచ్చి యజమాని పందెం గెలుస్తాడు. కానీ ఆ నవలలో నాకు ఫాగ్ కంటే పాస్‌పార్తూయే మనవాడనిపిస్తాడు. ఫోన్‌లో రెండు గడియారాలు పెట్టుకుని, ఒకదాన్ని ఎప్పటికీ ఇంటి టైముకే ఉంచే ప్రతి ప్రవాసీ పాస్‌పార్తూయే. బొంబాయి నుంచి కలకత్తా దాకా రైలు పూర్తయిందని పత్రికలో చదివి బయల్దేరిన ఫాగ్, అలహాబాద్‌కి ముందు పట్టాలే లేవని తెలిసి ఏనుగుని కొనాల్సొస్తుంది. కాగితం మీది ప్రయాణ సమయానికీ నేల మీద దానికీ మధ్య ఎప్పుడూ ఒక ఏనుగు ఉంటుందని వెర్న్‌కి తెలుసు.

మన కాలానికి ఆ ఏనుగు ఏమిటి? ఈ ప్రశ్నకి జవాబు కోసం మన భాషలో ఒక పాత కొలత దగ్గరికి వెళ్లాలి. కూతవేటు దూరం. ఒక మనిషి గొంతెత్తి పిలిస్తే వినబడేంత దూరం. ఈ మాటలో గొంతూ మనిషీ కలిసే ఉన్నాయి. పిలుపు వినబడిందంటే మనిషి నడిచి రాగలడు, ఒక చుట్ట కాలేలోపు వచ్చేస్తాడు. ఇప్పుడు చికాగో కూతవేటు దూరంలోనే ఉంది. వాట్సాప్‌లో పిలిస్తే పలుకుతారు. అమ్మ ఆఖరి ఊపిరిని వీడియో కాల్‌లో చూడొచ్చు. ఆ నోట్లో తులసి నీళ్లు పొయ్యడానికి మాత్రం ముప్ఫై గంటలు. గొంతు దూరం సున్నా అయిపోయింది, ఒంటి దూరం ఉన్నచోటే ఉంది. టెలిగ్రాముల కాలంలో కబురూ ఆలస్యమే, మనిషీ ఆలస్యమే. రెండూ ఒకదానికొకటి తోడుండేవి. ఇప్పుడు కబురు ముందే వచ్చేసి, మనిషి వచ్చేదాకా మన ఎదురుగా కూర్చుంటుంది. మన ప్రవాస కథలు గొంతు దూరాన్ని చాలా బాగా రాశాయి. అర్ధరాత్రి ఫోన్లు, తెగిపోయే వీడియోలు, 'బానే ఉన్నాం' అనే అబద్ధాలు. ఒంటి దూరాన్ని మాత్రం మూడు చుక్కల్లో దాటేస్తున్నాయి.

ఒంటి దూరంలో కిలోమీటర్లు తక్కువ, కాగితాలు ఎక్కువ. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు అయిపోయిన అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేసుకోవచ్చు గానీ, తండ్రి కోసం విమానం ఎక్కితే మళ్లీ లోపలికి రావడానికి కాన్సులేట్ దయ కావాలి. ఆమెకి హైదరాబాద్ పదిహేడు గంటల దూరమా, రెండు నెలల దూరమా? 2020 మార్చి చివర్లో మనదేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మామూలు షెడ్యూల్ సర్వీసులు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో ప్రత్యేక విమానాలు, కొన్ని దేశాలతో ఒప్పందాలు. ఆ రెండేళ్లలో ఎందరు కొడుకులు, కూతుళ్లు తలకొరివిని ఫోన్‌లో చూశారో మనకి తెలుసు. కిలోమీటర్ల లెక్కలో ఏ ఊరూ కదల్లేదు.

ఇంకోవైపు దుబాయ్ చూడండి. హైదరాబాద్ నుంచి రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగ్గంటల లోపే. చికాగోతో పోలిస్తే పక్కవీధి. అయినా కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు ఎన్నో ఇళ్లు అక్కడ పోయిన మనిషి పెట్టెలో తిరిగొచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూశాయి. యజమాని సంతకం, ఆసుపత్రి కాగితం, ఎంబసీ కాగితం, ఎవరో ఒకరు కట్టాల్సిన కార్గో డబ్బు. అమెరికా నుంచి బతికున్న కొడుకు ఒకటిన్నర రోజులో రాగలడు. గల్ఫ్ నుంచి చనిపోయిన కొడుకు మూడు వారాలకి గానీ రాలేడు. విమాన వేగం ఇద్దరికీ ఒకటే, గంటకి తొమ్మిది వందల కిలోమీటర్లు. ఈ రెండు దూరాల్నీ పక్కపక్కన పెట్టి రాసిన కథ వస్తే, ప్రవాస సాహిత్యం అని మనం పిలిచేదానిలో ఎవరి ప్రయాణం లెక్కకొస్తోంది, ఎవరిది రావడంలేదు అన్నది కూడా బయటపడుతుంది.

నేను అడుగుతున్నది టైమ్‌టేబుల్ కథలు కాదు. సీటు నంబర్లు, ట్రాలీలో తిండి, జెట్‌లాగ్ మీద జోకులు వర్ణించి పేజీలు నింపితే అదీ ఖాళీయే. ప్రయాణికుడు కళ్లు మూసుకోగానే కథ ఊళ్లోకి పోవాలన్న నియమం లేదని మాత్రమే అంటున్నాను. పోవాల్సి వస్తే ఇప్పటి ఊళ్లోకి, ఈ గంటలో జరుగుతున్న ఊళ్లోకి పోవచ్చు. అక్కడ వరండాలో యాప్ చూస్తున్న అల్లుడున్నాడు, అద్దె పెట్టె మోటారు చప్పుడుంది, ఇంకెంతసేపని అడగలేక అడుగుతున్న పురోహితుడున్నాడు. ఆకాశంలో ఉన్నవాడికి అవేమీ వినబడవు. చేతిలోని ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంది. కొన్ని గంటలపాటు ఈ లోకంలో ఎవరూ అతన్ని పిలవలేరు, అతను ఎవరినీ పిలవలేడు. గొంతు దూరం కూడా ఒంటి దూరమంత అయిపోయే చోటు ఇప్పుడు అదొక్కటే. విమానాల్లో వైఫై వచ్చేస్తోంది కాబట్టి అది కూడా ఎన్నాళ్లో ఉండదు. రాసేవాళ్లు త్వరపడాలి.

మన కథల్లో ఆ మూడు చుక్కలు ఎదురైనప్పుడల్లా నాకు ఇప్పుడు అడగాలనిపించేది ఒక్కటే. వీటిలో ఎన్ని గంటలున్నాయి, ఆ గంటల్లో నేల మీద ఎవరు మెలకువగా ఉన్నారు?